ఉహాదికి సొరబుర్ర

కువైట్‌లోని అమ్ఘరాలో పాత ఇనుము కొని అమ్మే ఖాజా హుస్సేన్‌కు ఒక నియమం ఉంది. తన యార్డులో విరిగింది ఎవరిదైనా సరే, తన లెక్కలోకే వస్తుంది. సరుకు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు గానీ పేరు పోతే ఏ మార్కెట్లోనూ దొరకదని, రాయచోటి సంతలో మేకల బేరం చేసిన వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నాడు. అందుకే ఆ గురువారం మధ్యాహ్నం, తుక్కు గుట్ట మీది గీజరు ట్యాంకు దొర్లి టీచరమ్మ వాద్యం మీద పడినప్పుడు తప్పు ఎవరిదని ఆయన వాదించలేదు. ఆమె అడిగిన సన్న ఇత్తడి తీగ చూపిద్దామని గుట్ట అడుగు నుంచి చుట్టను లాగింది తనే.

టీచరమ్మ పేరు బుకెల్వా. దక్షిణాఫ్రికాలోని ఖోసా తెగ మనిషి. కువైట్‌లో ఒక స్కూల్లో సంగీతం చెబుతుంది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడల్లా పల్లెలు తిరిగి, ముసలమ్మల దగ్గర కూర్చుని, వాళ్ళ పాత వాద్యాలు వాయించడమూ చేయడమూ నేర్చుకుంటుంది. వాటి మీద పుస్తకం కూడా వేసింది. ఇప్పుడు పగిలిన వాద్యాన్ని ఉహాది అంటారు. మనిషంత పొడవు విల్లు, దానికి ఒకే ఒక్క తీగ, కింది భాగాన కట్టిన సొరబుర్ర. విల్లు బాగానే ఉంది. బుర్ర మాత్రం అప్పడంలా నలిగిపోయింది.

"వెల చెప్పండి మేడం, ఇచ్చేస్తా" అన్నాడు ఖాజా, తనకొచ్చిన గల్ఫ్ ఇంగ్లీషులో.

"వెల వద్దు. రాత్రి ఏడింటికి ఇది మోగాలి" అంది బుకెల్వా.

సంగతి విన్నాక ఖాజా తల గోక్కున్నాడు. స్కూల్లో ఒక గది ఖాళీ అయింది. తన వాద్యాలు పెట్టుకుని పిల్లలకు నేర్పడానికి ఈమె అడిగింది. కరాటే మాస్టరూ అడిగాడు. ఈ సాయంత్రం వేదిక మీద ఇద్దరూ చేసి చూపించాలి. ప్రిన్సిపాల్ ఎవరికి మొగ్గితే గది వాళ్ళది.

"ఆ మాస్టరుకు లోడు ఇటుకలు పంపిద్దామన్నా. ఆయన పగలగొట్టే లోపల తెల్లారిపోతుంది" అన్నాడు కాటా దగ్గర కూర్చునే మస్తాన్ వలి.

"నోరు మూసుకోని గుండ్రంగా ఉండేది ఏదన్నా పట్టుకురా పో."

ఇక యార్డంతా కదిలింది. స్టీలు గిన్నె కట్టి చూశారు, పళ్ళెం కిందపడ్డట్టు మోగింది. పెయింటు డబ్బా దగ్గింది. మోటారు సైకిల్ హెల్మెట్ కడితే అసలు నోరే తెరవలేదు. కట్టిన ప్రతిదాన్నీ బుకెల్వా ఎదకు ఆనించి, సన్న పుల్లతో తీగను కొట్టి, తల అడ్డంగా ఊపింది.

"ఇనుము తన గోల తనే చెప్పుకుంటుంది. బుర్ర అట్లా కాదు. తీగ చెప్పింది విని, దాన్ని పెంచి చెబుతుంది."

బుర్ర అన్న మాటతో ఖాజాకు మిష్రిఫ్‌లో ఒక విల్లా వెనక వంటగది గుర్తొచ్చింది. పోయిన నెల అక్కడ పాత ఏసీలు దించుకుంటుంటే కిటికీ చువ్వకు గుండ్రటి ఎండు సొరకాయ వేలాడుతూ కనబడింది. ఆయన అప్పుడే పికప్ తాళాలు అందుకున్నాడు.

"యల్లా మేడం, ఎక్కండి."

ఆ విల్లాలో వంట చేసే సంజీవమ్మది లక్కిరెడ్డిపల్లె. ఊరి నుంచి తెచ్చుకున్న విత్తనం గోడ పక్కన వేసి, ఆ ఎడారి ఎండలో సొరపాదు పెంచిన మనిషి. వెనక గేటు తీస్తూనే నోటి మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా ఖాజన్నా, మామా పండుకోనుంది. ఏం కావల్ల?" ఇంటి యజమానురాలిని ఆమె మామా అనే పిలుస్తుంది.

"ఆ సొరకాయ కావల్ల. ఎంతకిస్తావో చెప్పు."

"అది విత్తనాల కాయన్నా. అమ్మేది కాదు."

అమ్మేది కాదన్న మాట వ్యాపారికి బేరం మొదలైనట్టే వినిపిస్తుంది. ఖాజా చెయ్యి తిరిగినవాడు. కొత్త మిక్సీ ఇస్తానన్నాడు. వద్దంది. మిక్సీ మీద కుక్కరు వేశాడు. ఊరికి కార్గో పెట్టె తన ఖర్చుతో పంపుతానన్నాడు. ఆయన పెంచేకొద్దీ ఆమె గేటు మూసుకుంటూ వచ్చింది.

"నీ మిక్సీ మొలకెత్తుతుందా అన్నా? అమ్మకూడదంటే ఇంటావా లేదా? విత్తనాన్ని అమ్ముకుంటే పాదు మళ్ళా కాయదు."

"పన్నెండేండ్ల నుంచి కువైట్‌లో ఉండి ఇంకా ఆ మాటలేనా?"

"నువ్వు ఇరవై ఏండ్లుండి నేర్చుకునింది గూడా చూస్తాండాలే."

టైము నాలుగు దాటింది. ఖాజాకు చెమట పట్టింది. ఇట్లాంటి బేరం ఆయన జన్మలో పోగొట్టుకోలేదు. ఇంతలో బుకెల్వా గేటు చువ్వల్లోంచి ఆ కాయను చూపించి ఏదో అడిగింది. ఖాజా వినీ విననట్టు ఊరుకున్నాడు.

"ఏమంటాంది ఆయమ్మ?" అడిగింది సంజీవమ్మ.

"ఏం లేదులే. కాయ సంగతి తేలకముందే విత్తనాలు కావాలంట. వాళ్ళ ఊళ్ళో విల్లు కోసమని ఈ గుండు సొర వేస్తారంట. ఇక్కడ రెండు సార్లు వేసిందంట, మొలవలేదంట. నీ కాయలోవి నాలుగు పెడితే వేసుకుంటుందంట."

సంజీవమ్మ చేతిలోని గేటు ఆగిపోయింది.

"ఆ మాట ముందే చెప్పకూడదా? ఇంతసేపూ నువ్వు నన్ను అంగట్లో నిలబెట్టి మాట్లాడితివి. విత్తనం అమ్మకూడదు గానీ, అడిగినోళ్ళకు లేదనకూడదు. మీ అమ్మ చెప్పలేదా నీకు?"

చెప్పింది. ఖాజా వాళ్ళమ్మ బీరకాయ గింజలు కొంగున కట్టుకొని వీధివీధికీ పంచేది.

కాయ చువ్వ మీద నుంచి దిగింది. ఆ తర్వాత పనికి రెక్కలొచ్చాయి. పికప్‌లోని హాక్సా బ్లేడుతో తొడిమ వైపు అరచేతి మేర కోసింది బుకెల్వా. సంజీవమ్మ గింజలన్నీ పళ్ళెంలోకి రాల్చి, సగం కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది. లోపలి పీచును గరిటెతో గీకింది. ఖాజా అడుగున రెండు చిల్లులు పొడిచి, విల్లుకు కట్టడానికి తీగ దూర్చాడు. విల్లుకూ బుర్రకూ మధ్య మెత్త కావాలంటే సంజీవమ్మ పాత చీర పేలిక చించి మడత పెట్టింది. బుకెల్వా బుర్ర నోటిని ఎదకు ఆనించి కొలత చూసుకుంది.

"మా పక్క జంగమోళ్ళ తంబూరకు గూడా బుర్రే కదన్నా. అయితే వాళ్ళది భుజానికి, ఈయమ్మది గుండెకు."

బుకెల్వా సన్న పుల్లతో తీగను కొట్టింది. మూత పెట్టిన బిందెలో తేనెటీగలు తిరిగినట్టు శబ్దం పుట్టింది. బుర్రను ఎద నుంచి కొంచెం ఎడం చేసింది. అదే తీగ లోంచి ఇంకో సన్నటి గొంతు పైకి లేచింది. దగ్గరికి తీస్తే అది దిగిపోయి మరొకటి వచ్చింది. వేలితో తీగ నొక్కితే రెండూ కలిసి మెట్టు ఎక్కాయి. ఒక్క తీగ సరుకు పెట్టి ఇన్ని గొంతులు తీసే వ్యాపారం ఖాజా ఎక్కడా చూడలేదు. అరిచేతుల్లో చెమట తుడుచుకుని, నవ్వుతూ, పిల్లాడిలా చుట్టూ చూశాడు.

"ఇంగోపారి కొట్టమ్మా" అంది సంజీవమ్మ, మామా నిద్ర సంగతే మరిచిపోయి.

స్కూలు చేరేసరికి కరాటే మాస్టరు ప్రదర్శన అయిపోయింది. పలకలు విరిగాయి, చప్పట్లు బాగానే పడ్డాయి. సంజీవమ్మ వంట వదిలి రాలేకపోయింది. ఖాజా హాలు వెనక నిలబడి ఆమెకు ఫోన్ కలిపి, వేదిక వైపు ఎత్తి పట్టుకున్నాడు. బుకెల్వా వాయిస్తూ పాడింది. మొదట్లో గుసగుసలాడిన పిల్లలు, ఆ సన్న గొంతులు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ కుర్చీల్లోంచి లేచి ముందుకు జరిగారు. పాట ఆగగానే ప్రిన్సిపాల్ వేదికెక్కి, "నేను ఒకసారి పట్టుకోవచ్చా?" అని అడిగింది. బుకెల్వా బుర్రను ఆమె ఎదకు ఆనించి పుల్ల చేతికిచ్చింది. ఒక దెబ్బ కొట్టి ప్రిన్సిపాల్ కళ్ళు పెద్దవి చేసింది. అంతే, పిల్లలు మెట్ల దగ్గర వరస కట్టారు.

"ఏమైందన్నా? పాట ఆగిపోయిందే? గది ఇచ్చినారా లేదా?" ఫోన్లో సంజీవమ్మ గొంతు.

"నోటితో ఇంగా చెప్పలేదు. వరసలో నిల్చోనుండారు, తలా ఒక దెబ్బ కొట్టేదానికి."

"ఎవురు, పిల్లోళ్ళా?"

"పిల్లోళ్ళే." ఖాజా మడమలెత్తి వరస చివరిదాకా చూశాడు. తెల్లబట్టల్లో, నడుముకు నల్ల పట్టీతో, అందరికంటే పొడుగ్గా ఒకాయన తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. "కరాటే మాస్టరు గూడా నిల్చోనుండాడు సంజీవమ్మా. గది మనదే."