కంప్యూటరుకి మా అత్త ఐసు వైద్యం

అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అనలేదు. మా అత్త గురమ్మ ఉన్నంతకాలం నాకు ఆ పేరొచ్చే యోగం లేదు. శ్రీకూర్మం దగ్గర సముద్రపొడ్డు ఊరు మాది. మా ఆయన నాగబాబు సముద్రంలో వేటకెళ్తాడు, అత్త చేపలు అమ్ముతుంది, నేను వీధివైపు గదిలో కంప్యూటరు పెట్టుకుని శుభలేఖలు తయారుచేస్తాను. ఆ గది మీద అత్తకి మొదటినుంచీ కన్ను. ఐసుపెట్టెలకి అంతకన్నా చల్లని చోటు ఇంట్లో లేదట.

ఆ వారం ఆ సంగతి తాడో పేడో తేలిపోయేలా ఉంది. మా వీధిలోనే ఉండే లక్ష్మణమ్మ పిన్ని మనవరాలికి పెళ్లి కుదిరింది. శుభలేఖ శనివారం సాయంత్రంలోగా శ్రీకాకుళం ప్రెస్సుకి పంపాలి.

"ఈ కార్డు టయానికి ఇయ్యకపోతే దుకానం ఎత్తీసి గది నాకు ఒగ్గేయాల" అంది అత్త. పౌరుషానికి పోయి సరే అన్నాను.

పిన్ని రోజూ వచ్చి ఓ కొత్త పేరు చెప్పేది. "సాలూరులోన మా తోటికోడలి తమ్ముడ్ని మర్సిపోనాను. కార్డులో పేరు నేకపోతే ఆడు పెళ్లికి రాడు. వచ్చినా తినడు." నేను ఆ పేరు కొట్టేలోగా కంప్యూటరు టక్కున ఆరిపోయేది. ఎప్పుడూ మేనమామల వరస దగ్గరే. ఆ మేనమామల మీద ఎవరి ఏడుపో ఉందనుకున్నాను గానీ, పక్కరేకు విప్పి చూస్తే లోపలి ఫ్యాను తిరగడం లేదు. దాని కింద కంప్యూటరు బుర్ర, అదే ప్రాసెసరు, కాగిన పెనంలా ఉంది.

కొత్త కంప్యూటరు కొనుక్కోవచ్చు కదా అని అందరూ అంటారు. అనడానికేం. నా పాత తెలుగు అక్షరాలు, అదే ఫాంట్లు, కొత్తవాటిలో పడవు. శ్రీ కూర్మనాథస్వామి అని కొడితే గళ్లు గళ్లుగా వస్తుంది. ఆ గళ్లకి ఎవరు దండం పెడతారు?

శనివారం పొద్దున్నే శ్రీకాకుళం బయలుదేరాను. "అత్తా, దీన్ని ముట్టుకోకు. ఏడెక్కిపోయి ఆగిపోతన్నాది. సల్లబరిసే సామాను తెస్తాను."

"సల్లబెట్టడం నాకు సెప్తన్నావేటి?" అంది అత్త. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

అంత పాత మోడలుకి సరిపడే కూలరు, అంటే ఫ్యానూ దాని కిందుండే అల్యూమినియం రెక్కల దిమ్మా కలిపి, దొరికేసరికి బజారంతా తిరగాల్సొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే బల్ల మీద కంప్యూటరు డబ్బా లేదు. వైర్లు వేలాడుతున్నాయి. గది మధ్యలో వంజరం చేపలు పెట్టుకునే పెద్ద థర్మోకోల్ పెట్టె ఉంది, మూత చుట్టూ టేపు వేసి.

మూత పీకాను. లోపల నా కంప్యూటరు పక్కకి తిరిగి పడుకుని ఉంది. కింద ఐసు, పైన ఐసు, చుట్టూ ఐసు, అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో కట్టి. ముట్టుకుంటే దాని ఒళ్లంతా చెమట.

"ఎలాగున్నాదో సూడు" అంది అత్త గర్వంగా. "గాలి సొరకుండ మూసీసినాను. గాలి తగిల్తే ఏదైనా సెడిపోద్ది."

"దీనికి గాలే కావాలత్తా! గాలి ఆడకే ఇలాగైపోనాది. తడి తగిల్తే సస్తాది!"

"సంచుల్లోన కట్టినాను గదే..."

నాకు కోపం నషాళానికంటింది. "గది కోసం కావాలనే సంపీసినావు" అనేశాను.

మాటకి మాట బాకీ ఉంచని మనిషి, నేను కంప్యూటరు బయటికి తీయగానే పెట్టె ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. తప్పు చేసింది కాబట్టే తప్పుకుందనుకున్నాను.

డబ్బా తుడిచి, రేకులు విప్పి, అరుగు మీద నెత్తళ్ల చేపలు ఆరబోసిన పక్కనే ఎండబెట్టాను. పిల్లి వచ్చి వాసన చూసి, మొహం తిప్పుకుని నెత్తళ్ల వైపు పోయింది. ఎక్కడా తడి లేదని నమ్మకం కుదిరాక లోపలికి తెచ్చి పాత కూలరు ఊడదీశాను. దాని రెక్కల మధ్య దుమ్ము ఓ దిండుకి సరిపోయేంత ఉంది. ప్రాసెసరు వేడిని కూలరుకి అందించే పాత పేస్టు ఎండిపోయి ఉంటే గీకి, కొత్తది కందిగింజంత పెట్టి, కొత్త కూలరు పైన కూర్చోబెట్టాను. దాని కాళ్లు గట్టిగా నొక్కితే గానీ బోర్డులోకి దిగవు. నొక్కితే బోర్డు విరుగుతుందని భయం, నొక్కకపోతే గది పోతుందని భయం. గది భయమే గెలిచింది. కటక్కుమంది. విరగలేదు, దిగింది.

స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మేనమామలందర్నీ వరసగా కొట్టేశాను, కంప్యూటరు ఆరిపోలేదు. ఇంతలో పిన్ని వచ్చి ఇంకో పేరు చెప్పింది, అదీ కొట్టి ప్రెస్సుకి పంపించేశాను.

పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. వెళ్తూ వెళ్తూ అంది. "మీ అత్త వంజరాలన్నీ మెత్తబడిపోనాయంట గదే. ఐసు ఏటి సేసినావంటే, కోడలి మిషనుకి జొరమొచ్చినాది, దానికి ఎట్టీసినానన్నాది. కార్డు ఇయ్యకపోతే నీ పరువు పోద్దన్నాది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. పెరట్లోకి వెళ్లాను. అత్త పీట మీద కూర్చుని, అమ్ముడుపోని వంజరాలు కోసి ఉప్పు పట్టిస్తోంది. పక్కనే కూలబడ్డాను.

"అలాగ అనకుండా ఉండాల్సింది అత్తా. తప్పయిపోనాది." కళ్లనీళ్లు ఆగలేదు.

అత్త తలెత్తలేదు. "కార్డు ఎల్లిపోనాదా?"

"ఎల్లిపోనాది."

"అయితే గది నాకు ఇయ్యవు."

"ఇయ్యను."

"ఓడిపోయింది నాను. నీకు ఏడుపెందుకే? ఆ ఉప్పు ఇలాగియ్యి."