వీపు మీద చెయ్యి

సుమియే తన భర్త భుజం మీదుగా వంగి, బాయిలరు గాజు గొట్టంలో నీళ్ళెంతున్నాయో చూసి, "సగానికి పైనే" అని గొణిగింది. కిహచి తోలు చేతి తొడుగులు వేసుకుని బొగ్గు తలుపు తీసి చిన్న పారతో బొగ్గు వేశాడు. ఇంజను మనిషి మోకాలెత్తే ఉంటుంది గాని, దాని పొయ్యిలో మండేది నిజమైన నిప్పే, చిమ్నీలోంచి లేచేది నిజమైన ఆవిరే. వెనకున్న బల్లబండ్ల మీద పిల్లలూ తల్లులూ గుర్రమెక్కినట్టు చెరో పక్క కాళ్ళు వేసి కూర్చుంటున్నారు. అసాహి నది ఒడ్డున ఉన్న ఆ పార్కులో నెలకో ఆదివారం క్లబ్బు వాళ్ళు రైళ్ళు నడుపుతారు. ఆ ఆదివారం గింకో చెట్లు రాల్చిన ఆకులతో పట్టాలు పసుపు పూసినట్టున్నాయి. రాత్రి వానకి ఆకులింకా తడిగానే ఉన్నాయి.

ఆమె అతని వెనకే కూర్చుని కుడిచెయ్యి అతని వీపు మీద ఆనించింది.

చూసేవాళ్ళకది ముసలివాళ్ళ ముచ్చట. పట్టాలు దాటే దాటుబాట దగ్గర తాడు పట్టుకుని జనాన్ని ఆపే నగుమో, క్లబ్బు పెద్ద, ప్రతిసారీ అతన్ని ఇంటిపేరుతో పిలిచి ఏడిపించేవాడు: "కువబారా గారూ, ఆవిడ చెయ్యి తీస్తే ఇంజను కదలదా ఏమిటి?" కిహచి నవ్వి ఊరుకునేవాడు. ఆ మాట అక్షరాలా నిజమని వాళ్ళిద్దరికే తెలుసు. వేళ్ళతో తడితే నెమ్మది, పిడికిలి గుచ్చితే ఆపు. నిరుడు ఎండాకాలం నుంచీ కిహచికి చూపులో నడిమి భాగం పోయింది. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. ఇది తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు.

ఆసుపత్రి వరండాలోనే అడిగాడతను. "క్లబ్బులో చెప్పకు. నువ్వు నా వెనక కూర్చో, చాలు."

కాపురానికొచ్చిన నాటినుంచీ అతను ఆమెని ఏదైనా అడగడం అదే మొదలు. అతను బేరింగుల కర్మాగారంలో లేతు మీద పనిచేశాడు. ఇంటికొస్తే వెనక గదిలో తలుపేసుకుని ఈ ఇంజను చక్రాలు చెక్కేవాడు. ఆమె వీధి చివర లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ పెట్టె దగ్గర నిలబడి ఊళ్ళోవాళ్ళ చొక్కాలు నలగకుండా మడిచేది. మోచేతుల దాకా కాలిన మచ్చలే. రాత్రి భోజనాల దగ్గర మాటలు మిసో చారులో ఉప్పు దగ్గరే ఆగిపోయేవి. పిల్లలు లేరు. ఆ లోటు గురించి కూడా ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అలాంటిది ఈ ఏడాదిన్నరగా ఆదివారం వస్తుందంటే ఆమెకి ముందురోజు నిద్రపట్టదు. సగం భయం. మిగతా సగం ఏమిటో ఒప్పుకోవడానికి సిగ్గు. తన చెయ్యి ఎటు చెబితే ఆ మనిషి అటు నడుస్తున్నాడు.

రైలు కదిలింది. మొదటి చుట్టు బాగానే సాగింది. రెండో చుట్టులో వంతెన దాటాక పట్టాలు దాటుబాట వైపు పల్లానికి దిగుతాయి. అక్కడ నది గాలి ఒక్కసారిగా వీచి ఆవిరినంతా కిందికి తోసింది. సుమియే కళ్ళ ముందు తెల్లటి తెర. వేళ్ళతో తట్టింది. అతను వేగం తగ్గించాడు, కానీ పల్లం కదా, వెనక బండ్ల బరువు తోస్తూనే ఉంది.

తెర విడిపోయింది. పట్టాల మధ్య ఒక పసిపిల్ల గొంతుక్కూర్చుని ఆకులు ఏరుకుంటోంది. నగుమో ఎవరికో దారి చూపిస్తూ అటు తిరిగి ఉన్నాడు. తాడు నేల మీద ఉంది.

ఆమె పిడికిలి గుచ్చింది. అతను ఎప్పుడూ లేనిది, "ఏమిటి?" అన్నాడు.

చెప్పడానికి వ్యవధి లేదు. భుజం మీదుగా పడి అతని చేతితో కలిపి బ్రేకు పిడిని లాగేసింది. చక్రాలు బిగుసుకుని తడి ఆకుల మీద కీచుమంటూ జారాయి. వెనక పిల్లలు ఇదీ ఆటే అనుకుని కేరింతలు కొట్టారు. ఇంజను ముందు దిమ్మ పిల్ల ఒళ్ళోని ఆకుల్ని చెదరగొట్టి ఆగింది. పిల్ల తలెత్తి ఇంజన్ని చూసి నవ్వింది.

తల్లి పరుగెత్తుకొచ్చి పిల్లని లాక్కుంది. నగుమో మొహంలో నెత్తురు చుక్క లేదు. టోపీ తీసి ఆ తల్లి ముందు నడుము విరిగేలా వంగి, తాడు వదిలింది తనేనని, తప్పంతా తనదేనని పదేపదే చెప్పాడు. ఆవిడ అతన్ని దాటుకుని కిహచి దగ్గరికొచ్చి, "మీరు చూసి ఆపారు కాబట్టి బతికిపోయింది" అని దండం పెట్టింది. కిహచి టోపీ అంచు ముట్టుకున్నాడు.

సుమియే ఎదురుచూసింది. ఇప్పుడు చెబుతాడు, ఈ దణ్ణానికి తను తగనని చెబుతాడు అనుకుంది. రైలు స్టేషను చేరింది. ఎక్కిన వాళ్ళు దిగారు, వరసలో ఉన్నవాళ్ళు ఎక్కారు. నగుమో తాడు ఇంకొకరికి అప్పగించి వచ్చి, తలొంచుకుని పక్కనే నిలబడ్డాడు.

"నీళ్ళెంతున్నాయి?" అన్నాడు కిహచి.

ఆమె చూసింది. నీళ్ళు చాలినన్ని ఉన్నాయి, నిప్పు ఎర్రగా ఉంది. తను నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. మళ్ళీ నెలా, ఆ పై నెలా ఆ వెచ్చని వీపు తన అరచేతి కిందే ఉంటుంది.

ఆమె బండి దిగింది.

"నగుమో గారూ, తప్పు మీది కాదండీ. ఈయనకి ఎదురుగా ఉన్నది కనిపించదు. ఇన్నాళ్ళూ నేనే చూసి చెబుతున్నాను."

కిహచి వీపు నిటారుగా అయింది. వెనక్కి తిరగలేదు. బ్రేకు బిగించి, "పిల్లల్ని దింపెయ్యండి" అన్నాడు.

ఇంజన్ని బూడిదగుంట మీదికి నెట్టుకెళ్ళారు. ఎవరి సాయమూ తీసుకోకుండా, కిహచి చేత్తో తడుముకుని పొయ్యి అడుగున ఉన్న మేకు లాగాడు. నిప్పంతా జలజలా గుంటలో పడింది. ఆవిరి వదిలేశాడు. ఆ హోరు తగ్గేదాకా బాయిలరు పక్కన నిలబడి, ఇంజను ఇక క్లబ్బుదేనని నగుమోతో చెప్పాడు. తోవలో ఎదురైనవాళ్ళందరికీ వంగి నమస్కరించాడు, కాస్త పక్కకి.

బస్టాపుకి నడుస్తూ ఆమె అతని చెయ్యి పట్టుకోబోయి మానుకుంది. అతను తిడితే బాగుండుననిపించింది.

"ఆ పిల్ల ఏ రంగు వేసుకుంది?" అన్నాడతను.

"పసుపు."

"ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది."

"కలవలేదండీ. బాగానే కనిపించింది."

అతను ఆగాడు. తర్వాత తనే మోచెయ్యి కొంచెం ఎడంగా పెట్టాడు. ఆమె చెయ్యి అందులో పెట్టింది.

గేటు దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది. బూడిదగుంట పక్క కంచె కర్రకి అతని తోలు చేతి తొడుగులు వేలాడుతున్నాయి, వేళ్ళు ఇంకా పిడి పట్టుకున్నట్టే వంగి.