గస్‌ను దాటిన రోజు

హాల్డేన్ ఫెర్రీ పాటర్స్ బేస్‌బాల్ జట్టుకు పదకొండేళ్ళపాటు నేను చేసిన సేవను క్లుప్తంగా చెప్పాలంటే, బంతిని గోడ అవతలికి పంపడం, లేదా గాలిని చీల్చడం. ఈ రెంటికీ మధ్య ఉండే ఆటతో నాకు పరిచయం తక్కువ. బ్యాట్‌కు తగిలిన రోజున బంతి ఎడమవైపు గోడ దాటి, రైలు కట్ట దాటి, ఒహాయో నది దిక్కుగా పోయేది. తగలని రోజున మొదటి వరుసలోని ఆడవాళ్ళ టోపీలు కదిలేవని చెప్పుకునేవారు. అందువల్ల లీలండ్ వ్రాబెల్ అనే నా పేరును నా తల్లికీ తపాలా శాఖకూ వదిలేసి, ఊరంతా నన్ను గాలిమర అని పిలిచేది.

పెద్ద లీగుల మనుషులు నన్ను చూడటానికి రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ నేను గాలినే కొట్టాను. జీవితమంతా ఒకే జట్టుకు కట్టుబడి ఉన్నానని పత్రికలు తరువాత నన్ను మెచ్చుకున్నాయి. పిలవని విందుకు వెళ్ళకపోవడం ఎంత నిగ్రహమో, నా విధేయత కూడా అంతే.

మా ఊరికి పింగాణీ కార్ఖానా ప్రాణం. మా వాడెవడైనా బంతిని గోడ దాటించి హోమ్ రన్ కొడితే, బాయిలర్ దగ్గర రేడియో వింటూ కూర్చునే హోరేస్ లేచి ఆవిరి కూత వేసేవాడు. అది నది అవతలి గొడ్లకు కూడా వినిపించేది. ఆ కూత విని నా భార్య ఇర్మా పొయ్యి మీద బంగాళాదుంపలు పెట్టేది. హోమ్ రన్ కొట్టిన రోజున నాకు ఆకలి ఎక్కువ. కొట్టని రోజున ఆకలి ఇంకా ఎక్కువ కానీ, ఆ సంగతి ఆమెకు చెప్పడానికి కూత ఉండేది కాదు.

రెండో ఆచారం ఎడమవైపు గోడకు సంబంధించినది. సబ్బుల ప్రకటనలకూ చుట్టల ప్రకటనలకూ మధ్య ఆ గోడ మీద ఒకే ఒక్క మనిషి పేరు ఉండేది: ఎల్మర్ ట్వీడీ. జట్టు తరఫున అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాడి పేరు అక్కడ రాయడం ఆనవాయితీ. ఎల్మర్ నేను పుట్టకముందు ఆడటం మొదలుపెట్టాడు. ఆట మానేశాక అక్షరాలు రాసే పనిలోకి దిగాడు. గోడ మీద ప్రకటనలన్నీ ఆయన రాసినవే, ఆ పేరుతో సహా. ఏటా వసంతకాలంలో వచ్చి తన పేరుకు తానే రంగు వేసుకునేవాడు. మిగతా అక్షరాల కంటే దానికి ఒక పూత ఎక్కువ పడేదని నా అనుమానం.

యాభై ఎనిమిదో సంవత్సరం జులైలో నేను ఎల్మర్ లెక్కను అందుకున్నాను. ఇంకొక్కటి కొడితే గోడ నాది. అదే నెలలో నా మోకాలు కూడా తన పదవీ విరమణను ప్రకటించింది. ఈ సీజన్ తరువాత నన్ను తీసుకోబోమని మేనేజరు నొచ్చుకుంటూ చెప్పాడు. నాకు చదువు వచ్చు, ఉద్యోగమూ దొరుకుతుంది. కానీ ఆ గోడ మీద పేరు తప్ప ఈ లోకంలో నాకు మరేదీ అక్కరలేదని అప్పుడు తెలిసింది. ముప్పై ఆరేళ్ళ మనిషికి అది హుందాగా ఉండే కోరిక కాదని కూడా తెలుసు. తెలిసి చేసేదేముంది?

కోరిక పుట్టడంతోనే బంతి నాకు కనిపించడం మానేసింది. ఆగస్టు అంతా గాలిని కొట్టాను. ఎల్మర్ ప్రతి ఆటకూ తెల్లరంగు డబ్బా, కుంచె తెచ్చుకుని మూడో బేస్ వెనుక కూర్చునేవాడు. నేను దిగాలుగా తిరిగివచ్చినప్పుడల్లా డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టేవాడు.

"ఏమోయ్ గాలిమరా, రంగు ఎండిపోతోందయ్యా," అన్నాడొక రోజు. "నా పేరు నేనే చెరిపేసుకుందామని డెబ్బై ఏళ్ళ వయసులో డబ్బా మోసుకొస్తున్నా. కాస్త మనసు పెట్టకూడదూ?"

ఇక్కడ నా నడక గురించి చెప్పాలి. బంతి గోడ దాటితే కొట్టినవాడు నాలుగు బేస్‌లూ వరుసగా తాకుతూ తీరిగ్గా చుట్టివస్తాడు. నా తీరిక వేరు. బ్యాట్‌ను పసిపిల్లను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టి, తల పైకెత్తి, బంతి కనుమరుగయ్యేదాకా చూస్తూ నడిచేవాణ్ణి. అద్దం ముందు సాధన చేశానని ఎవరో పుకారు పుట్టించారు. అద్దం చిన్నది. అందులో నా భుజాలు పట్టేవి కావు.

మా క్యాచర్ గస్ క్నాబ్ నా ప్రాణస్నేహితుడు. లీగ్ మొత్తంలో నాకంటే నెమ్మదిగా పరుగెత్తే ఏకైక మనిషి. నా నడక అతనికి నచ్చేది కాదు. "తల దించుకుని నడవరా, బేస్‌లు ఆకాశంలో లేవు," అనేవాడు. నేను నవ్వేసేవాణ్ణి.

చివరి ఆట సెప్టెంబరులో, మా మైదానంలోనే. ఆఖరి ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మావాళ్ళలో ఒకడు అవుటయ్యాడు. మొదటి బేస్ మీద గస్. నేను బ్యాట్ పట్టుకున్నాను. మూడో బేస్ వెనుక డబ్బా మూత తెరుచుకోవడం కనిపించింది.

మొదటి రెండు బంతులకూ గాలినిచ్చాను. మూడోది తగిలింది. చేతులకు ఏమీ తెలియకుండా తగలడమే మంచి దెబ్బకు గుర్తు. బంతి ఎత్తుగా, నిదానంగా గోడ వైపు సాగింది. వాళ్ళ ఫీల్డరు వెనక్కి పరుగెత్తి, గోడకు వీపు ఆనించి ఎగిరాడు. గస్ అనుభవజ్ఞుడు. గాలిలో బంతిని పట్టేస్తే తను మళ్ళీ మొదటి బేస్‌ను తాకి ఉండాలి గనుక, సగం దూరం వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు.

నేను మాత్రం బ్యాట్‌ను పడుకోబెట్టి, తల ఎత్తి నడుస్తున్నాను. బంతి ఫీల్డరు చేతి తొడుగు అంచును ముద్దాడి గోడ అవతల పడింది. జనం లేచారు. హోరేస్ కూత వేశాడు. ఆ కూత ఎంతసేపు సాగిందంటే, అతను తాడుకు వేలాడుతున్నాడని అనుకున్నాను. మొదటి బేస్‌ను తాకాను. ఎదురుగా ఎవరో వస్తున్నట్టు తోచింది. అభినందించడానికి వస్తున్నాడనుకుని, ఆకాశం నుంచి చూపు తిప్పకుండానే అతని భుజం తట్టి ముందుకు సాగాను.

"ఒరేయ్ లీలండ్," అంది ఆ భుజం. "నా వెనకాల ఉండరా. నా వెనకాల."

అప్పుడు తల దించాను. అంపైరు బొటనవేలు అప్పటికే పైకి లేచి ఉంది.

ముందు పరుగెత్తేవాడిని వెనకవాడు దాటకూడదు. దాటితే, దాటినవాడు అక్కడికక్కడే అవుట్. బంతి నదిలో పడినా సరే. పదకొండేళ్ళలో నేను పరుగులో దాటిన ఒకే ఒక మనిషి గస్ క్నాబ్. అది కూడా నడిచి.

"దాటావు బాబూ," అన్నాడు అంపైరు, చావు కబురు చెప్పే మనిషిలా. "నీకు ఒక బేస్ వరకే లెక్క, హోమ్ రన్ కాదు. అతన్ని పోనీ, అతని పరుగు చెల్లుతుంది."

గస్ మిగతా బేస్‌లను తాకుతూ వెళ్ళాడు. ప్రతి బేస్ దగ్గరా ఆగి, క్షమాపణ చెబుతున్నట్టు నావైపు చూశాడు. ఆ పరుగుతో మేం గెలిచాం. కుర్రాళ్ళు గస్‌ను భుజాలకెత్తుకున్నారు. అతనిది మామూలు బరువు కాదు, ఇద్దరు కిందపడ్డారు.

ఇంటికి వెళ్ళేసరికి కూత విన్న ఇరుగుపొరుగంతా చేరి, ఇర్మా చేసిన అనాసపండు కేకును కోసేశారు. నేను జరిగింది చెప్పాను. చాలాసేపు ఎవరూ నమలలేదు. కూతను వెనక్కి తీసుకోవడం తన చేతకాదని హోరేస్ ఎవరితోనో కబురు కూడా పంపాడట.

"కేకు కూడా వెనక్కి రాదు," అని ఇర్మా ఒక ముక్క నా ముందు పెట్టింది. "తిను. గస్ భుజం ఎందుకు తట్టావు?"

"అభిమాని అనుకున్నాను."

ఆమె వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడుస్తోందేమోనని వెళ్ళి చూస్తే, నవ్వు ఆపుకోవడానికి ఏప్రన్ నోట్లో కుక్కుకుంది.

మర్నాడు ఎల్మర్ నన్ను మైదానానికి పిలిపించాడు. గోడకు నిచ్చెన వేసి ఉంది. ఊళ్ళో సగం మంది కూతనే లెక్కలోకి తీసుకోవాలంటున్నారని, రాత్రి తన ఇంటికి కూడా వచ్చారని చెప్పాడు. తన పేరు చెరిపేయమంటే చెరిపేస్తానన్నాడు. నేను వెంటనే వద్దన్నానని చెప్పగలిగితే బాగుండేది. ఆ గోడను చాలాసేపు చూశాను. ఎన్ని అక్షరాలు పడతాయో మనసులో కొలిచాను కూడా. గస్ అడుగడుక్కీ నావైపు తిరిగి చూసిన చూపు గుర్తొచ్చింది.

"ఇద్దరం సమానమే కదండీ," అన్నాను చివరికి. "రెండు పేర్లూ ఉండనివ్వండి."

"ఉంటాయి. పైన ఎవరిది?"

"మీరు ముందు బయల్దేరారు," అన్నాను. "ముందున్నవాణ్ణి దాటితే ఏమవుతుందో నాకు తెలుసు."

ఎల్మర్ కుంచె కడుక్కున్నాడు. తరువాత నిచ్చెన ఎక్కుతూ, "గట్టిగా పట్టుకో," అన్నాడు. "పైకి చూడకు. నీకది అచ్చిరాదు. నేలకేసి చూడు."

తల దించుకుని నిచ్చెన పట్టుకున్నాను. ఆయన నా పేరు రాస్తున్నంతసేపూ, నా బూట్ల మీద పడుతున్న తెల్లటి చుక్కల్ని చూస్తూ నిలబడ్డాను.