రేపటికి ఉంచిన తోడు

కూతురికి ఒళ్లు హూనమైపోతోంది. పగలంతా బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టడం, ఇంటికొచ్చి నానిన సోయా గింజలు రుబ్బి, పాలు పిండి, కాచి, గోరువెచ్చగా చల్లార్చి తోడు పెట్టడం. పాల చుక్క తగలని ఆ సోయా పెరుగు తోడు కూడా ఊరికే రాలేదు. తోటి పనావిడ వాళ్ల అత్తగారింటికి రెండు బస్సులు మారి వెళ్లి, బతిమాలి తెచ్చుకుంది.

నాన్నకు జబ్బు తగ్గింది గానీ, దానికి వాడిన ఘాటు మందులు కడుపును గుల్ల చేసి వదిలాయి. మామూలు పాలు పడవు. ఏం తిన్నా నిలవదు. మనిషి పుల్లలా అయిపోయాడు. "కడుపులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు కూడా పోయాయి. సోయా పాలు తోడేసి ఇచ్చి చూడమ్మా" అంది డాక్టరమ్మ. ఇచ్చీ ఇచ్చీ చేతులు పడిపోతున్నాయి, గుణం మాత్రం కనబడదు.

ఆ రోజు ఫ్యాక్టరీలో కరెంటు పోయి పెందలాడే వచ్చేసింది. వంటింట్లో నాన్న పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. గిన్నెలో పెరుగు విరిగి, కుతకుతా ఉడుకుతోంది.

"ఇదేంటి నాన్నా?"

నాన్న దొంగచూపులు చూశాడు. ఉద్యోగమంతా పాలకేంద్రంలో బాయిలరు దగ్గరే గడిపిన మనిషి. క్రిమి ప్రాణాలతో గేటు దాటకూడదన్నదే ఆయనకు తెలిసిన వేదం.

"రోజూ కాచే తాగుతున్నానమ్మా. అలిసిపోయి వస్తావు, గిన్నె సరిగ్గా తోమావో లేదో. నాకేమన్నా అయితే ఆ మాట నీ మీదికొస్తుంది."

"అది బతికుంటేనే కదా మందు! నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావు!"

అక్కడే గోడకు జారగిలబడింది. కోపం కన్నా నీరసం ఎక్కువగా ఉంది. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కోవడానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి నాన్న అలమారాలోని చిన్న గిన్నె ఎత్తి, కళ్లు గట్టిగా మూసుకుని గటగటా తాగేస్తున్నాడు.

"ఇదిగో, పచ్చిదే తాగాను. ఇప్పుడు సరేనా?"

"నాన్నా! అది రేపటికి తీసిపెట్టిన తోడు!"

నాన్న ఖాళీ గిన్నె వంక చూశాడు. మెల్లగా పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎక్కడికి పోతుందమ్మా, ఇక్కడే ఉందిగా. ఈసారి బతికే ఉంది."

తిట్టే ఓపిక కూడా లేక ఆమె నవ్వేసింది. నవ్వుతూనే, విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని, తోడు కోసం ఆ రెండు బస్సుల్లో మొదటిదాన్ని అందుకోవడానికి బయలుదేరింది.