తాళం వేసిన కొబ్బరినూనె

ఏన్కూరు ఎండకు రేకుల ఇల్లు కుంపటిలా ఉంది. హెపటైటిస్ మాత్రలు మొదలైన మూడో వారానికి సంపూర్ణకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. చెమట పట్టినప్పుడల్లా కారం చల్లినట్టు మంట. మాత్రలు ఆపొద్దని, స్నానం కాగానే ఒంటికి కొబ్బరినూనె రాసుకోమని డాక్టరమ్మ చెప్పింది. సంపూర్ణ అత్త పేరు ఆరోగ్యం; ఆమె మాత్రం నూనె సీసాను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"కామెర్లున్నోళ్లకు నూనె తగలొద్దు. పత్యం చెడుతది."

"తినడానికి గాదు, ఒంటికి! తాళంచెవి ఇయ్యి అత్తమ్మా."

"ఒంటికైనా అంతే. మీ మామకు కామెర్లయితే చుక్క తగలనియ్యలే."

గోకి గోకి నెత్తురు కారుతున్న చేతిని సంపూర్ణ ఆమె ముఖం ముందు పెట్టింది.

"మరి మామ బతికిండా?"

అత్త కొంగుముడిలోని తాళంచెవిని సంపూర్ణే లాక్కుంది.