మొదట ఎదురైన మనిషి

మా ఆవిడ సూర్యకాంతానికి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ జరిగింది. చూపు బాగా వస్తే రామతీర్థంలో రాముడి ఎదుట ఒక కళ్లులేని మనిషికి కొత్త బట్ట పెట్టి, తన చేత్తో ప్రసాదం తినిపిస్తానని మొక్కుకుంది. మా ఇళ్లలో ఈ మొక్కుకి ఒక పద్ధతి ఉంది. గుడి దగ్గర అడుక్కునే వాళ్లకి పెడితే చెల్లదు. ఇల్లు కదిలాక దారిలో మొదట ఎదురైన గుడ్డి మనిషికే పెట్టాలి. ఆ మనిషిని వదిలేస్తే వచ్చిన చూపు మళ్లీ పోతుందని మా అత్తగారు చెప్పేది.

అందుకే ఆ ఉదయం, విజయనగరం రైల్వేస్టేషన్ బయట అరటిపళ్ల కోసం ఆటో ఆపినప్పుడు, తెల్ల కర్రతో నిలబడ్డ అమ్మాయిని చూసి మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పాతికేళ్లు ఉంటాయేమో. ఇస్త్రీ చేసిన చుడీదారు, భుజాన సంచి, చంకలో ఫైలు. "బస్సు కాంప్లెక్స్ ఎటేపండీ?" అని వచ్చేపోయే వాళ్లని అడుగుతోంది. ఒక్కరూ దారి చెప్పలేదు. పళ్లబండి గున్నమ్మ ఆమె ఎదురుగానే, "ఓలమ్మా, ఎంత కళైన మొకం! ఏ జన్మలో ఏటి సేసిందో" అంది. ఒక పెద్దమనిషి ఆమె చెవి దగ్గరికి వంగి, "నీతో ఎవులొచ్చేరు?" అని అరిచాడు.

"నా సెవులు బాగానే పన్సేస్తన్నాయి బాబూ. కాంప్లెక్స్ ఎటో సెప్పండి, సాలు" అంది.

చుట్టూ నవ్వారు. "నోరు సూడు గుంటకి! అందుకే దేవుడు కళ్లు ఇవ్వలేదు" అన్నాడు ఆ పెద్దమనిషే.

మా ఆవిడ ఆటో దిగి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "మేమూ కాంప్లెక్స్ వేపే ఎల్తన్నామమ్మా. రా, దింపేస్తాం."

మా ఆటో రామతీర్థానికి మాట్లాడుకున్నది. ఆ మాట నేను విన్నాను, పక్కకి జరిగి ఆ అమ్మాయికి చోటిచ్చాను.

ఆటోలో ఆమె సంతోషంగా మాట్లాడింది. పేరు యమున. గరివిడి నుంచి పాసింజరులో వచ్చింది. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు ఉద్యోగానికి పేరు వచ్చింది. "పదకొండులోపు సర్టిఫికెట్లు సూపించాలండి. అది దాటితే నా ఎనకాల పేరుకి ఇచ్చేస్తారు. ఎనిమిదింపావు బస్సు దొరికితే సాలు, గట్టెక్కినట్టే."

మా ఆవిడ నాకేసి చూసి, వేళ్లు మడిచి అరగంట అని సైగ చేసింది. తల అడ్డంగా ఊపాను. ఆవిడ తన కళ్లు చూపించుకుని, నాకు దండం పెట్టింది. ఆటో సోములు అద్దంలో మమ్మల్ని చూసి నవ్వి, కాంప్లెక్స్ వైపు తిరగకుండా నేరుగా పోనిచ్చాడు. ముగ్గురం ఆ పిల్ల ముందే, ఆ పిల్లకి తెలియకుండా మాట్లాడుకున్నాం.

కాసేపటికి యమున మాటలు ఆపేసింది. ముఖం బయటికి తిప్పి గాలి పీల్చింది.

"ఊరి సప్పుడు లేదేటి? మిల్లు గోగునార వాసనొస్తన్నాది. ఇది నెల్లిమర్ల కదా?"

సోములు ఆటో వేగం పెంచాడు.

"అమ్మా, నన్నెక్కడికి తీసుకెల్తన్నారు?"

అప్పుడు మా ఆవిడ మొక్కు సంగతంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది కూడా. "ఆ రాముడే నిన్ను పంపేడమ్మా. అరగంట. బేగి తెచ్చి దింపేస్తాం."

"నాకొద్దమ్మా. ఆటో ఆపండి."

"ఇక్కడ దిగి ఏటి సేస్తావు? ఏ లారీ కిందో పడతావు. అప్పుడు నా పీక మీదికొస్తాది" అన్నాడు సోములు.

ఆపమని నేనంటే ఆపేవాడే. డబ్బులిచ్చేది నేను. కానీ ఆ పూట నాకు మా ఆవిడ కళ్లు మాత్రమే గుర్తున్నాయి.

గుడి దగ్గర మరో అడ్డంకి వచ్చింది. నైవేద్యం అయ్యేదాకా ప్రసాదం బయటికి రాదన్నారు. యమునని అరుగు మీద కూర్చోబెట్టాం. ఆమె అటుగా వెళ్లే వాళ్లనల్లా అడిగింది. "అయ్యా, నన్ను రోడ్డుదాకా తీసుకెల్లండి. శ్రీకాకుళం ఎల్లాల." మా ఆవిడ చెయ్యి వదలకపోవడంతో మమ్మల్ని చూసి ఆమె అమ్మానాన్నలం అనుకున్నారు. "పెద్దోళ్లు గుడికి తెస్తే గోల సెయ్యకూడదమ్మా" అని ఒకావిడ బుజ్జగించింది. ఇంకొకాయన, "బుర్ర కూడా సరిగా లేదేటి?" అని నన్నే అడిగాడు. లేదని గానీ ఉందని గానీ నేను చెప్పలేదు.

గంట మోగి ప్రసాదం వచ్చేసరికి యమున అడగడం మానేసింది. సంచిలోంచి ఫోను తీసి నొక్కింది. అది టైము చెప్పింది. పదీ పది.

"ఇంక అందదు. పెట్టండమ్మా" అంది.

మా ఆవిడ ఆమె భుజాల మీద కొత్త చీర కప్పి, పులిహోర ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. యమున నోరు తెరిచింది. ఒక్కొక్క ముద్దా నమిలి మింగింది. చుట్టూ చేరిన జనం చేతులు జోడించారు. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను ఎన్నో ఏళ్లుగా పూజ చేస్తున్నాను. నైవేద్యం పెట్టి కళ్లు మూసుకున్నప్పుడు దేవుడు ఎలా తింటాడో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇలాగే తింటాడా అని అప్పుడు అనిపించింది.

"అయిందా మొక్కు?" అంది యమున.

"అయింది తల్లీ. సల్లగా ఉండు. ఇక్కడే కూకో, దర్శనం సేసుకొచ్చేస్తాం."

దర్శనం బాగా జరిగింది. బయటికి వచ్చేసరికి యమున ఫోనులో వాళ్ల నాన్నతో మాట్లాడుతోంది. మమ్మల్ని తిడుతుందనుకుని స్తంభం పక్కన ఆగిపోయాను.

"లేదు నాయినా, పడిపోనేదు. ఎవులూ కొట్టనేదు. మంచోల్లే. దేవుడి పని మీదొచ్చేరంట." కాసేపు విన్నది. "ఇంకెక్కడి ఉద్యోగం నాయినా! అది ఎనకాలోల్లకి ఎలిపోయింది. నువ్వు ఏడవకు. నాకు ఇనిపిస్తాది."