గోడ అవతల డెలియా

"నా బిడ్డను గోడ అవతల పారేసింది మీరిద్దరే. ఫాదర్, మీరు చట్టం చెప్పారు. నా మొగుడు నోరు మూసుకున్నాడు."

ఆదివారం పూజ ముగిసి జనం గుడి మెట్లు దిగుతున్నారు. ఊనా మాటకు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. ప్రసవమైన మూడు వారాలకు, బాలింత దీవెన కోసం ఆమె మొదటిసారి ఇల్లు కదిలింది. దీవెన కాగానే శ్మశానంలో పాప సమాధి వెతికింది. కనబడలేదు. మంత్రసాని సబీనాను అడిగితే శ్మశానం గోడ అవతల, సముద్రం వైపు చెయ్యి చూపింది. అక్కడున్నది కిలీన్. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసికందులను పేరులేని రాళ్ల కింద పాతిపెట్టే బీడు.

భర్త కోల్మన్ తలెత్తలేదు. గుడి పక్కనే పెట్టామని ఆమెకు చెప్పింది అతనే.

కొనమారా తీరంలో నొప్పులు మొదలైతే మగవాడు ఇంట్లో ఉండడు. కోల్మన్ కూడా కాన్పు నాటి మధ్యాహ్నం పక్కింటి ఫెస్టస్ కొట్టంలో కూర్చున్నాడు. ఊనా కేక విని వెనక్కి పరుగెత్తాడు. దారిని సముద్రపు పోటు ముంచేయడంతో సబీనా ఇంకా రాలేదు. ఏడో నెల బిడ్డ అతని చేతుల్లోనే పడింది. ఊపిరి ఉంది, పోతోంది. తగరపు గ్లాసుతో బిందెలోని నీళ్లు ముంచి, పసినుదుటి మీద మూడుసార్లు పోసి, డెలియా అని పేరు పెట్టి, పితా పుత్ర పవిత్రాత్మల నామమున జ్ఞానస్నానం ఇచ్చాడు; ప్రాణం పోయే బిడ్డకు ఫాదర్ లేనప్పుడు ఎవరిచ్చినా అది చెల్లుతుంది. గ్లాసు కింద పెట్టేలోపు పాప పోయింది. ఊనా అంతా చూసింది. సబీనా అడుగుల చప్పుడు వినగానే కోల్మన్ పెరటి తలుపు గుండా జారుకున్నాడు.

మర్నాడు శ్మశానం గేటు దగ్గర ఫాదర్ మానిక్స్, తాను వచ్చేసరికే బిడ్డ పోయిందని సబీనా చెబుతోందని, ఊపిరుండగా నీళ్లు పోయడానికి లోపల నువ్వేమైనా ఉన్నావా అని కోల్మన్‌ను అడిగాడు. ఫెస్టస్ అందుకున్నాడు: "వీడా ఫాదర్? ఆవు ఈనుతుంటేనే కళ్లు తిరిగి పడతాడు." పారలు పట్టుకున్నవాళ్లు నవ్వారు.

"లేను ఫాదర్," అన్నాడు కోల్మన్.

అంతే, గేటు తెరుచుకోలేదు. జ్ఞానస్నానం లేని పసివాళ్లు చేరే లింబోలో మంటలుండవు, బాధ ఉండదు, దేవుని ముఖం మాత్రం కనబడదని ఫాదర్ ఓదార్చాడు. కిలీన్‌లో గుంట తవ్వింది కోల్మనే.

ఇప్పుడు, తన కళ్లముందే బిడ్డకు జ్ఞానస్నానం అయిందని ఊనా అనేసరికి ఫాదర్ మెల్లగా అన్నాడు, "జ్వరంలో నీకలా అనిపించి ఉంటుందమ్మా."

"జ్వరం కాదు ఫాదర్," అన్నాడు కోల్మన్. "నీళ్లు పోసింది నేనే."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"పురుడు పోశానని వీళ్లు నవ్వుతారని."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది కోల్మన్‌కు. ఒక్క నవ్వుకు భయపడి కన్నబిడ్డను పరలోకానికి దూరం చేసిన తండ్రి మొహం అందరి ముందూ బట్టబయలైంది.

ఫాదర్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. అయితే పాప దేవుని దగ్గరే ఉందన్నాడు. రేపు శవపెట్టె తీయించి శ్మశానం లోపల పెడదామన్నాడు. ఊనా మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

ఫెస్టస్ కదల్లేదు. అతని బిడ్డలు ఇద్దరు కిలీన్‌లో ఉన్నారు.

"మావాళ్లకు ఊపిరే రాలేదురా," అన్నాడు. "ఊపిరి లేని బిడ్డకు జ్ఞానస్నానమే లేదుగా, ఇక గ్లాసుతో పనేముంది?"

కోల్మన్ మొహం మళ్లీ మాడిపోయింది. తన పాప పెట్టె ఒక్కటీ లేపుకుని, మిగతా పసివాళ్లను ఆ రాళ్లలోనే వదిలేసి రావడానికి క్షణం క్రితం ఒప్పేసుకున్నాడు. ఊపిరి రాకపోవడం ఏ బిడ్డ చేసిన పాపం?

అతను గుడి వాకిట్లోని తీర్థపు బకెట్ తెచ్చి ఫాదర్ కాళ్ల దగ్గర పెట్టాడు.

"మా పాపను కదిలించొద్దు ఫాదర్. రేపూ వద్దు. ఇప్పుడే మాతో కిలీన్‌కు నడవండి. ఆ నేలంతా దీవించండి. ఒక్కో రాయి దగ్గర ఆగండి. అక్కడున్న బిడ్డ పేరు తల్లి చెబుతుంది, మీరు గట్టిగా పలకండి."